ఇద్దరు నేసిన చీర

మొన్న పెదకాకాని దాటాక ఒక మిర్చి తోటలో డ్రిప్ పారడం లేదంటే చూడడానికి వెళ్ళాను, ఇప్పుడు నా ఉద్యోగం అదే. ఫిల్టరు మూత విప్పి లోపలి జాలీ గొట్టాన్ని బయటికి లాగగానే తడిసిన తీగ వాసన గుప్పుమంది. ఇనుము, బోరు నీళ్ళ బురద, ఎక్కడో అడుగున కాస్త నూనె కలిసిన వాసన అది. తోట మధ్యలో నిలబడి ఉన్నదాన్ని, ఒక్క క్షణం గుంటూరు మిర్చి యార్డు అవతలి రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయాను. జాలీ చుట్టూ ఎవరో పాత పంచె గుడ్డను రెండు మడతలు వేసి, నులక తాడుతో బిగించి కట్టారు. నీళ్ళు ఆగిపోయింది అందుకే. రైతు అది చూసి తలకొట్టుకున్నాడు. "మా నాన్న నిర్వాకం ఇది. నీళ్ళు ఇంకా శుభ్రంగా వస్తాయని కట్టుంటాడు. ఉండండి, పిలుస్తాను" అంటూ గట్టు మీద కూర్చున్న ముసలాయన వైపు అరవబోయాడు. "అరవకండి బాబూ, ఒక్క నిమిషం" అన్నాను. గుడ్డ విప్పి, గొట్టాన్ని ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. అది నాకు వీరాస్వామిగారు నేర్పిన అలవాటు.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ఆకారం కాదు. పొట్టిగా, మోకాళ్ళ మీదికి ఎగ్గట్టిన పంచెతో, జేబులో ఎప్పుడూ ఒక భూతద్దంతో ఉండేవారు. గొంతు మాత్రం మరిచిపోలేం. మగ్గాల చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ, మంచినీళ్ళు అడిగినా పోట్లాటకు వచ్చినట్టే ఉండేది. ఆ షెడ్డులో ఆయన తీగ జాలీ నేయించేవారు. నూనె మిల్లులకు, కారం మరలకు, బోర్లకు, నీళ్ళ ఫిల్టర్లకు కావలసిన రకరకాల జాలీలు అక్కడ చాపల్లా చుట్టలు చుట్టి ఉండేవి. రెండువేల సంవత్సరం అటూ ఇటూగా నేను డిగ్రీ పూర్తిచేసి, మా నాన్న మిర్చి పంట వరసగా దెబ్బతినడంతో ఏదో ఒక ఉద్యోగం కావాలని తిరుగుతూ అక్కడ తేలాను. నేసిన చుట్టల్ని పరీక్ష చేసే మనిషి కావాలన్నారు. ఆడపిల్ల వస్తుందని ఆయన అనుకోలేదు, నేనూ ఆ షెడ్డును ఉద్యోగం అనుకోలేదు.

మొదటిరోజు ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "మిర్చి రైతు కూతురివంటున్నావు. కారం జల్లించడం చూసే ఉంటావుగా. జల్లెడలో పనిచేసేదేంటో చెప్పు." నేను తడుముకోకుండా "తీగండీ" అన్నాను. "కాదమ్మాయ్, ఖాళీ. తీగ దానికి కాపలా, అంతే." నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగానికి వస్తే పొడుపుకథలేమిటని, "అయితే ఖాళీకే జీతమివ్వండి బాబాయిగారూ, నేనెందుకు?" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, "ఘాటు బానే ఉంది. రేపట్నుంచి రా" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయిగారే.

ఆయనది చీరాల పక్కన నేతపని ఇళ్ళున్న ఊరు. పుట్టినప్పటి నుంచీ గుంట మగ్గం చప్పుడు విన్నవాడు. పెళ్ళయ్యాక ఏవో మిల్లుల్లో పనిచేస్తూ తీగ మగ్గం చూసి, నూలు వదిలి తీగ పట్టుకున్నారు. కానీ మాటలు మాత్రం వదల్లేదు. నిలువు తీగ పడుగు, అడ్డంగా వెళ్ళేది పేక, పేకను లోపలికి కొట్టేది పలక. నాకు నేతలన్నీ ఆయన తువ్వాలు అంచు పట్టుకుని నేర్పారు. ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా వెళితే సాదా నేత. తీగల మధ్య గదులు చదరంగా, ఒక్క కొలతతో వస్తాయి. నూనెలో మడ్డిని ఆపడానికి అదే ఎక్కువ వాడేవారు. తీగ లావైతే అలా వంగదు కాబట్టి రెంటి మీదుగా, రెంటి కిందుగా ఏటవాలు నేత. "ఎంత తీగ పెట్టావని కాదు, ఎంత దారి వదిలావన్నది చూడు" అనేవారు. ప్రతి చుట్టనూ తలుపు దగ్గర వెలుగుకు పట్టి చూశాకే బయటికి పంపేవాళ్ళం. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే మగ్గాలన్నీ ఆగిపోయి అందరం తుమ్ములే తుమ్ములు. "ఇదిగో, ఈ గాలికి మాత్రం జాలీ కట్టలేకపోయాను" అనేవారాయన కళ్ళు తుడుచుకుంటూ.

ఇన్ని నేర్చిన మనిషికి ఒకే ఒక్క బెంగ ఉండేది, తమ్ముడు నాగభూషణంగారు. ఆయన ఊళ్ళోనే ఉండి గుంట మగ్గం మీదే చీరలు నేసేవారు. అప్పటికి చేనేత రోజురోజుకీ దిగజారుతోంది. మిల్లు చీరలు ముంచెత్తుతుంటే పని ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పక్కపక్క ఇళ్ళల్లో మగ్గాలు ఊడదీసి కట్టెల కింద అమ్ముకుంటున్నారు. బాబాయిగారు వీలైన ప్రతి ఆదివారం ఊరికి వెళ్ళి తమ్ముణ్ణి బతిమాలి, సోమవారం ముఖం మాడ్చుకుని వచ్చేవారు. "ఏమన్నారండీ?" అని నేను అడిగేదాన్ని. "ఏమంటాడు! ఇనుప కంప అల్లేవాడిది నేతేంటి అన్నయ్యా అంటాడు. వాడి గుండె బాలేదమ్మాయ్. ఆ గుంటలో కూర్చుని కూర్చుని మనిషి చిక్కిపోయాడు. వాణ్ణి ఎట్లాగైనా ఇక్కడికి తెచ్చుకుంటే నాకు ఇంకేం అక్కర్లేదు" అనేవారు. అంత పెద్ద గొంతూ ఆ మాట దగ్గర సన్నబడేది. ఆ షెడ్డు ఆయన పెట్టుకున్నదే తమ్ముడి కోసమేమోనని నాకు అనిపించేది.

ఒక వేసవిలో ఎట్టకేలకు భూషణంగారు వచ్చారు. ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో చిన్న సంచి. మగ్గం ముందు చెప్పులు విడిచి, పలకను తాకి కళ్ళకద్దుకుని మరీ కూర్చున్నారు. షెడ్డులో అప్పటిదాకా ఎవరూ అలా చేయగా నేను చూడలేదు. బాబాయిగారు మాత్రం అది చూసి ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "యార్డు గాలమ్మా" అన్నారు. ఆ రోజు గాలి అటు నుంచి లేదు.

పని ఆయనకు ఇట్టే పట్టుబడింది, ఒక్కటి తప్ప. చీర నేసేవాడికి పేరు తెచ్చేది దిట్టమైన నేత. పేకను ఎంత దగ్గరగా కొడితే అంత మెప్పు. చిన్నప్పటి నుంచీ తండ్రి వీపు మీద చరిచి నేర్పిన విద్య అది. సాదా జాలీకి అదే పనికిరాదు. పేకల మధ్య పడుగుకున్నంత ఎడమే ఉండాలి, పలక తేలిగ్గా తాకి వెనక్కి రావాలి. బాబాయిగారు పక్కన నిలబడి "తేలిగ్గా భూషణం, తేలిగ్గా" అనేవారు. ఆయన తలూపేవారు. అటు తిరగ్గానే మళ్ళీ ధన్ ధన్‌మని దెబ్బ. మొండితనం కాదు. చెవిన పడిన మాట చేతిదాకా వెళ్ళేది కాదు, అంతే.

ఆ రోజుల్లో పరీక్షకు నా చేతిదాకా రాకుండానే ఒక చుట్ట బయటికి వెళ్ళింది. నేను మా చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళాను, పత్తి గింజల నూనె మిల్లు వాళ్ళు తొందరపెట్టారు, తమ్ముడు నేసిన మొదటి చుట్ట కదా అని బాబాయిగారు మురిపెంగా తనే పంపేశారు. నేను తిరిగి వచ్చిన రోజే మిల్లు మనిషి ఆటోలో దాన్ని వెనక్కి తెచ్చి షెడ్డు మధ్యలో పడేశాడు. "జాలీ అనుకున్నారా, తలుపు అనుకున్నారా? నూనె దిగట్లేదండీ, మీదే నిలబడిపోయింది" అని అరిచాడు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. బాబాయిగారు చుట్ట విప్పి వెలుగుకు పట్టారు. గదులు చదరంగా లేవు, అడ్డంగా నలిగి సన్నటి చీలికల్లా ఉన్నాయి. కానీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క పేక వంకర లేదు.

మిల్లు మనిషిని చల్లార్చాలో, తమ్ముణ్ణి కాపాడాలో ఆయనకు తోచలేదనుకుంటాను. రెండూ కలిపి నవ్వులాటకు దించారు. "ఏం చేస్తామండీ, చీరైతే పదిమంది మెచ్చుకుందురు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మావాడి చెయ్యి అంతే!" అన్నారు ఆ పెద్ద గొంతుతో. మిల్లు మనిషి నవ్వాడు. పనివాళ్ళు నవ్వారు. భూషణంగారు కూడా నవ్వారు. నవ్వుతూనే వంగి ఆ చుట్టను మళ్ళీ జాగ్రత్తగా చుట్టారు, పట్టుచీర మడత పెట్టినట్టు. వారం తిరక్కుండా సంచి సర్దుకున్నారు. "ఊళ్ళో మగ్గం ఖాళీగా ఉందన్నయ్యా. చీరల పడుగు ఒకటి నేస్తానని ఒప్పుకున్నాను" అన్నారు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అవి ఉండి ఉంటే బాబాయిగారు ఏదో ఒకటి అని ఆపేవారేమో.

నాకు మాత్రం కోపం ఆగలేదు. "మీరు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది బాబాయిగారూ" అన్నాను. "సరదాకి అన్నానమ్మాయ్. వాడు నా తమ్ముడు." "సరదా మీది, చెయ్యి ఆయనది" అన్నాను. ఇంకెవరైనా అయితే నన్ను ఆ క్షణమే బయటికి పొమ్మనేవారు. ఆయన సాసర్లో టీ పోసుకుని, తాగకుండా అలాగే పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆదివారాలు ఊరెళ్ళడం మానేశారు. తమ్ముడి ముఖం చూడలేకపోతున్నానని ఒకసారి నాతోనే అన్నారు.

వానలు మొదలయ్యాక ఒక ఫ్యాక్టరీ నుంచి కొత్త నమూనా వచ్చింది. నేనలాంటి జాలీ అంతకుముందు చూడలేదు. పడుగు లావు తీగ, పేక సన్న తీగ. పేకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, సందు లేకుండా కొట్టేసి ఉన్నాయి. ఎత్తి వెలుగుకు పట్టాను, అంతా చీకటి. "ఇందులోంచి ఏం దిగుతుందండీ, ఇదీ తలుపే" అన్నాను. బాబాయిగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని కాస్త పక్కకు వాల్చారు. తీగల మూలల్లోంచి సన్నటి వెలుగు, వడ్లగింజ మొనంత, వరసగా మెరిసింది. "దీనికి దారి తిన్నగా ఉండదమ్మాయ్. మూలల్లోంచి ఉంటుంది. ఎంత ఒత్తిడి పెట్టినా చిరగదు, కంటికి కనపడని నలుసు కూడా దాటదు" అన్నారు. మా పనివాళ్ళు ముగ్గురు దాన్ని నేయాలని చూశారు. ఎవరిదీ కుదరలేదు. తేలిగ్గా కొట్టమని ఏళ్ళ తరబడి నేర్పింది ఆయనే కదా, వాళ్ళ చేతులు అలాగే స్థిరపడిపోయాయి. పేక పేకకూ మధ్య సందు వస్తూనే ఉంది. బాబాయిగారు ఆ నమూనాను ఒళ్ళో పెట్టుకుని పేకల మీద బొటనవేలు రుద్ది చూశారు. చివరికి "ఇది మా భూషణం నేతమ్మా. వాడి చేతికోసమే పుట్టిన నేత ఇది. నాకు ముందే తెలిసి ఉంటే!" అన్నారు.

అప్పుడే ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తారు. నేనూ వెనకే వెళ్ళాను. ఊళ్ళో కిరాణా కొట్టుకు ఫోన్ చేసి తమ్ముణ్ణి పిలిపించమన్నారు. ఆయన లైన్లోకి వచ్చాక బాబాయిగారు అసలు విషయం వదిలేసి, "ఒరేయ్, అన్నం తిన్నావా?" అన్నారు. తర్వాత ఒకటే ఉక్కిరిబిక్కిరి. "ఇక్కడో కొత్త నేత వచ్చిందిరా. ఎంత గట్టిగా కొడితే అంత మంచిదిరా. నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను, నువ్వు రారా" అన్నారు. అవతలి మాట నాకు వినపడలేదు. బాబాయిగారి ముఖం మాత్రం విప్పారింది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "వస్తాడటమ్మా! మగ్గం మీదున్న చీర దిగ్గానే వస్తానన్నాడు. నవ్వాడు కూడా" అన్నారు. షెడ్డుకు వచ్చి మూలనున్న మంచి మగ్గాన్ని తనే తుడిచి, నూనె వేసి, లావు తీగ పడుగు ఎక్కించారు. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎవరైనా తువ్వాలు ఆరేసినా తిట్టేవారు.

ఆ చీర దిగలేదు. ఒక పొద్దున నేస్తూ నేస్తూనే భూషణంగారు ఛాతీ పట్టుకుని ముందుకు వాలిపోయారట. చీరాల ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది.

పెద్దకర్మకు బాబాయిగారితో పాటు నేనూ వెళ్ళాను. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద పసుపు చీర, చిలకపచ్చ అంచు, సగానికి పైగా నేసి ఉంది. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మగ్గం మీద సగం బట్ట ఉంచి పోయినవాడికి, ఆ బట్టను అయినవాళ్ళే పూర్తిచేసి దించాలి. లేకపోతే మనిషికి పని తీరదంటారు. వాళ్ళకు పిల్లల్లేరు. భూషణంగారి భార్య ధనలక్ష్మిగారు తలుపు దగ్గర నిలబడి, "మీరే దించాలి బావగారూ" అన్నారు. బాబాయిగారు చొక్కా విప్పి, చెప్పులు విడిచి, పలకను తాకి కళ్ళకద్దుకుని, ఆ గుంటలోకి కాళ్ళు దించారు. నూలు ముట్టి ఎన్నేళ్ళయిందో.

మొదట్లో పోగులు తెగాయి. తర్వాత చేతికి వరస అందింది. కానీ పలక దెబ్బ వినగానే గదిలో అందరికీ తెలిసిపోయింది. తేలిగ్గా తాకి వెనక్కి వస్తోంది. ధనలక్ష్మిగారు కాసేపు ఓర్చుకున్నారు. ఆ ఇంట్లో ఆవిడ ఇన్నేళ్ళుగా విన్న చప్పుడు అది కాదు. "గట్టిగా కొట్టండి బావగారూ, ఆయన గట్టిగా కొట్టేవారు" అన్నారు. ఆయన తలూపారు. నాలుగు దెబ్బలు గట్టిగా పడ్డాయి. మళ్ళీ తేలిపోయాయి. "తేలిగ్గా భూషణం" అంటూ ఆయన తమ్ముడికి చెప్పిన మాటలే నా చెవుల్లో మోగాయి. నాకు ఏడుపు ఆగలేదు, పెరట్లోకి వెళ్ళిపోయాను.

పొద్దు వాలేలోపు చీర దిగింది. ధనలక్ష్మిగారూ నేనూ చెరో కొసా పట్టుకుని వాకిట్లో విప్పాం. భూషణంగారు నేసిన మేర ఎండ దూరలేదు, నిండుగా ఉంది. అక్కడి నుంచి చివరిదాకా బాబాయిగారు నేసింది పల్చగా, జల్లెడలా ఉంది. ఎండ అందులోంచి రాలి వాకిట్లో పడింది. పడుగు ఒకటే. మధ్యలో ఎక్కడ ఒక చెయ్యి ఆగి ఇంకో చెయ్యి మొదలైందో పసిపిల్లాడు కూడా చూపించగలడు. బాబాయిగారు ఆ చోట వేలు పెట్టి, ఆ పెద్ద గొంతుతో, వీధంతా వినేలా ఏడ్చారు. "వాడి చెయ్యి మారలేదని నలుగురిలో నవ్వాను. నా చెయ్యి మాత్రం మారుతుందా తల్లీ? పుడకల మాట ఎందుకన్నానమ్మా నేను!" అన్నారు. ఎవరూ ఓదార్చలేకపోయారు. ధనలక్ష్మిగారు మాత్రం చీరను మడత పెడుతూ, "ఆయన వస్తాననే అన్నారు బావగారూ. సంచి కూడా సర్దుకున్నారు" అని లోపలికి చెయ్యి చూపించారు. చిలక్కొయ్యకు ఆ చిన్న సంచి వేలాడుతోంది.

కొత్త నమూనాను బాబాయిగారు ఫ్యాక్టరీకి తిప్పి పంపేశారు. మూలనున్న మగ్గం మీది లావు తీగ పడుగు మాత్రం తీయనివ్వలేదు. నేనక్కడ పనిచేసినన్నాళ్ళూ అది అలాగే దుమ్ము పట్టి ఉంది. ఆ తర్వాత ఆయన షెడ్డులో ఎవర్నీ నలుగురి ముందు ఒక్క మాట అనలేదు. చుట్ట తప్పు వస్తే నేసినవాణ్ణి తలుపు అవతలికి తీసుకెళ్ళి, ఇద్దరూ చెరో చివరా పట్టుకుని వెలుగుకు చూసేవారు. ముందు బాగున్నదేదో చెప్పేవారు. గొంతు తగ్గించి మాట్లాడడం ఆ వయసులో నేర్చుకున్నారు. నేను ఉద్యోగం మారి తాడేపల్లి వచ్చేసిన కొన్నేళ్ళకు ఆయనా పోయారు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు మిర్చి గోడౌను ఉంది.

తోటలో గొట్టాన్ని ఎండకు పట్టుకుని ఇదంతా తలుచుకున్నానేమో, రైతు "ఏంటమ్మా, అంతసేపు చూస్తున్నారు?" అన్నాడు. "ఏం లేదు బాబూ, మీరు కాస్త మోటారు దగ్గరికి వెళ్ళండి, నేను చెప్పినప్పుడు వేద్దురుగాని" అని పంపేశాను. ఆ గుడ్డ పట్టుకుని ముసలాయన దగ్గరికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. తిడతాననుకున్నాడో ఏమో, కండువా సర్దుకున్నాడు. "ఎంత దిట్టంగా కట్టారండీ పెద్దాయనా, ముడి విప్పడానికి నా గోళ్ళు విరిగాయి" అన్నాను.

"నలుసు పోకూడదని కట్టానమ్మా. తప్పు చేశానా?"

"గుడ్డ మంచిదే, దీని చోటు అది కాదు. మందు కొట్టే ట్యాంకులో నీళ్ళు పోస్తారు చూడండి, అక్కడ ఇట్లాంటిదే కావాలి. అక్కడ ఎంత గట్టిగా కడితే అంత మంచిది."

ముసలాయన గుడ్డను నా చేతిలోంచి తీసుకుని, పిండి, దులిపి, భుజాన వేసుకున్నాడు. "ట్యాంకు మా కొట్టంలో ఉంది, ఇప్పుడే కట్టొస్తాను" అంటూ లేచాడు. "వెళ్ళండి, ఇప్పుడే వెళ్ళండి" అన్నాను. గుడ్డ తీయగానే నీళ్ళు పారడం ఆయన చూడకుండా, గట్టు మలుపు తిరిగేదాకా ఆగి, గొట్టాన్ని ఫిల్టరులో బిగించి, అప్పుడు మోటారు వేయమని కేక వేశాను.